చెరిపిన పేరు

కరీంనగర్‌లోని ఒక ఆసుపత్రి రికార్డులన్నీ క్లౌడ్‌లో ఉన్నాయి. వాటిని ఎవరెవరు తెరవవచ్చో ఒక కోడ్ ఫైలులో రాసి ఉంటుంది. దాన్ని నడిపితే కంప్యూటర్ పాత అనుమతులన్నీ చెరిపి, ఫైలులో ఉన్నవాళ్ళకు కొత్తగా ఇస్తుంది.

మీటింగులో తన తప్పు ఎత్తిచూపిందని మేనేజర్ సదానందం, ఆ ఫైలు చూసుకునే నవనీతను ఉద్యోగంలోంచి తీసేశాడు. ఆమె కళ్ళముందే ఫైలులో ఆమె పేరు కొట్టేశాడు. చిన్న పెత్తనం దొరికినవాళ్ళకు ఇటువంటి పని సాక్షి లేకుండా చేస్తే తృప్తి ఉండదు.

“గిప్పుడే నడపకుండ్రి సార్! జర నా మాట వినుండ్రి.”

“నిన్న మీటింగుల అంత నోరు లేసింది. గిప్పుడు బతిమాలుతున్నవా?” నవ్వుతూ మీట నొక్కాడు.

తెర మీద పేర్లు ఒక్కొక్కటే చెరిగిపోయాయి. సదానందం పేరు కూడా పోయింది. కొత్తగా ఒక్కటీ రాలేదు.

ఫోన్ మోగింది. ఆపరేషన్ థియేటర్ నుంచి నర్సు. “సార్, పేషెంటు టేబుల్ మీదున్నడు. రిపోర్టులు తెరుసుకుంటలేవు!”

సదానందం ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని కుర్చీలోంచి లేచాడు. “జర నువ్వే సూడమ్మా.”

నవనీత కూచోలేదు.

“నేను బతిమాలలే సార్, చెప్పబోయిన. గా ఫైలు ఎవరు నడిపినా నడిచేది నా పేరు మీదున్న అనుమతితోనే. నన్ను చెరిపినంక మళ్ళ రాసేటోళ్ళు లేరు.”

నర్సు ఇంకా లైన్లోనే ఉంది.