ఎవరూ చదవని వ్యాసం

కోర్టు నోటీసు చదివి డోలరెస్ కుర్చీలో కూలబడింది.

"డాక్టర్‌గారూ, కొంప మునిగింది. మన మీద దావా వేశారు!"

డాక్టర్ కానోవర్ కళ్ళజోడు సవరించుకుని నోటీసు అందుకున్నాడు. ఆయన రిటైరైన మత్తు డాక్టరు. అమెరికాలో ట్రెంటన్ అనే ఊళ్ళో ఒక బేకరీ పైగదిలో, డోలరెస్ సాయంతో, మత్తు డాక్టర్ల సంఘం పత్రికకి సంపాదకత్వం వెలగబెడుతున్నాడు. అది మూడు నెలలకోసారి వస్తుంది. వచ్చినట్టు చాలామందికి తెలియదు.

ఆ వసంతంలో ఆయన ఒక వ్యాసం వేశాడు. మోకాలి ఆపరేషన్ తర్వాత నొప్పి తెలియకుండా ఇచ్చే క్విటాలిన్ అనే కొత్త ఇంజెక్షన్ గురించి. రాసింది మరియన్ టటల్ అనే కుర్ర డాక్టరు. మూడేళ్ళపాటు నాలుగువందల మంది రోగులని పరీక్షించి ఆమె తేల్చిన సంగతి ఒకటే. ఎప్పటినుంచో వాడుతున్న చవక మందుకీ, ఈ ఖరీదైన మందుకీ నొప్పి తగ్గించడంలో తేడా లేదు.

అచ్చయి రెండు నెలలైనా ఒక్క ఆసుపత్రీ మందు మార్చలేదు. ఒక్క ఉత్తరమూ రాలేదు. మరియన్ ఫోన్ చేసి, "మా అమ్మ కూడా చదవలేదండీ," అని నవ్వబోయి ఏడ్చేసింది. ఆ ఏడుపు విన్నాక కానోవర్‌కి రెండు రోజులు తిండి సహించలేదు.

ఇప్పుడేమో క్విటాలిన్ తయారుచేసే కంపెనీ వేసిన ఈ దావా. వ్యాసం తప్పుల తడకట. దానివల్ల మందుకి చెడ్డపేరొచ్చిందట. తక్షణం వెనక్కి తీసుకోవాలట.

"ఆ కంపెనీ భవనం చూశారా? వాళ్ళ లిఫ్టే మన ఆఫీసంత ఉంటుంది," అంది డోలరెస్. "క్షమాపణ చెప్పేద్దాం. వ్యాసం తీసేస్తే ఆ పిల్ల కష్టం నీళ్ళపాలే, కాదనను. కానీ పత్రికే మూతపడితేనో?"

"నాకూ భయంగానే ఉంది," అన్నాడు కానోవర్, డోనట్ కొరుకుతూ.

మర్నాడు పేపర్లో చిన్న వార్త వచ్చింది. వారం తిరిగేసరికి టీవీల్లో పెద్ద వార్త అయింది. మందుల కంపెనీ డాక్టర్ల నోరు నొక్కుతోందని గోల. అంత కాని మాట ఏం రాశారో చూద్దామని జనం ఎగబడ్డారు. పత్రిక వెబ్‌సైటు రెండుసార్లు చతికిలబడింది.

విచారణ రోజున కంపెనీ తరఫున ఆరుగురు లాయర్లు దిగారు. వాళ్ళలో పెద్దవాడు గిఫర్డ్. కానోవర్‌ని బోనెక్కించి నిలదీశాడు.

"మీ వ్యాసం ఎంత అన్యాయమైనదో తెలుసా? ఎవరో డాక్టరు మండిపడి, పేరైనా రాయకుండా మాకు కాపీ పంపాడు. 'మీరు ఊరుకుంటే జనం ఇదే నిజమనుకుంటారు' అని చీటీ కూడా పెట్టాడు. దీనికేమంటారు?"

"ఒకరైనా చదివారన్నమాట. సంతోషం."

జడ్జి నవ్వాపుకుంది.

"వేళాకోళాలొద్దు డాక్టర్! అసలు దీన్ని ఎంతమంది చదివారు?"

"మీరు దావా వెయ్యకముందు పదకొండు మంది. అందులో ముగ్గురం ప్రూఫులు దిద్దినవాళ్ళం. నిన్నటికి లక్షన్నర."

వెనక వరసలో కంపెనీ ప్రెసిడెంటు తల పట్టుకున్నాడు.

"పరీక్షల్లో మోసం జరిగిందని మీరు చూపించలేకపోయారు," అంది జడ్జి గిఫర్డ్‌తో. "మీ మందు మీద అంత నమ్మకముంటే మీరూ పరీక్షలు చేసి, మీరూ ఓ వ్యాసం రాయండి. డాక్టర్ల తగువు డాక్టర్లే తేల్చుకోవాలి." దావా కొట్టేసింది.

నెల తిరక్కుండా అరవై ఆసుపత్రులు పాత మందుకి మారాయి. మరియన్ ఫోన్ చేసి మళ్ళీ ఏడ్చింది. ఈసారి ఆ ఏడుపు కానోవర్‌కి హాయిగా ఉంది.

కొత్త సంచిక ప్రూఫులు వచ్చాయి. డోలరెస్ మొదటి పేజీ చూసి నీరుగారిపోయింది.

"వెన్నులో ఇచ్చే ఇంకో మత్తు ఇంజెక్షన్. ఇదీ దండగేనట. ఈ కంపెనీ ఇంకా పెద్దది. దీన్నైనా ఆపేద్దామా? ప్రతిసారీ అదృష్టం కలిసిరాదు డాక్టర్‌గారూ."

కానోవర్ కోటు తొడుక్కున్నాడు.

"అచ్చుకి పంపించెయ్. ఒక కాపీ మాత్రం నాకివ్వు, పోయినసారిలాగే పక్క ఊరెళ్ళి, పేరు రాయకుండా, ఆ కంపెనీ లాయర్లకి పోస్టు చేసొస్తాను."