ఏడో పొయ్యి

సెత్తీమియో ప్యాంటు కిటికీలోంచి ఎగిరొచ్చి నోటరీ గారి కాళ్ల దగ్గర పడింది. దాని వెనకే చొక్కా, ఉన్ని బనియను, ఒక బూటు. రెండో బూటు కోసం అతని పెళ్లాం ఎర్సీలియా మంచం కింద వెతుకుతోంది.

నోటరీ గారు పెన్సిల్ చేత్తో పట్టుకుని సందులో నిలబడిపోయాడు. అప్పటికే ఆయన రొక్కసెర్వా ఊరంతా తిరిగి పొయ్యిలు లెక్కపెట్టుకొచ్చాడు. ఆరు తేలాయి. ఆరువందల ఏళ్ల కిందట ఆ కొండకు దొరగా ఉన్నాయన రాసిచ్చిన తోలుపత్రంలో ఏడని ఉంది. ఏటా సెయింట్ మార్టిన్ పండగ మధ్యాహ్నానికి ఊళ్లో ఏడు పొయ్యిలు వెలగాలి. ఒక్కో పొయ్యి మీద ఒక కుండ, పక్కన ఒక పడక ఉండాలి. అలా ఉన్నంతకాలం కొండవాలులోని చెస్ట్‌నట్ అడవి ఊరిది. ఒక్కటి తగ్గినా అది కింది పట్నానికి పోతుంది. పట్నం వాళ్లు అప్పుడే రంపాలకు పదును పెట్టించుకుంటున్నారట. ఆ అడవి పోతే ఊళ్లో చలికాలం రొట్టెకు చెస్ట్‌నట్ కాయల పిండీ ఉండదు, పొయ్యిలోకి పుల్లా ఉండదు. ఏడో పొయ్యి కొంచెత్తా అనే ముసలావిడది. పోయిన నెలే ఆవిడ కన్నుమూసింది.

ఆరే ఉన్నాయమ్మా, నాకూ బాధగానే ఉంది అన్నాడు నోటరీ, బూటు మీద పడకుండా పక్కకు జరిగి.

"మీ బాధ మీ దగ్గరే ఉంచుకోండి. మాకు ఏడున్నాయి," అంది ఎర్సీలియా కిటికీలోంచి. "ఈయన ఈ ఇంటి మనిషి కాదు. కొంచెత్తా అత్త ఇంట్లో వేరు కాపురం పెట్టాడు. పొయ్యి మీద చిక్కుళ్లు ఉడుకుతున్నాయి, పోయి మూత తీసి చూసుకోండి."

నోటరీ తెలివితక్కువవాడేం కాదు. నలభై ఏళ్ల కాపురం సరిగ్గా లెక్క రోజే ఎలా విరిగిందని అడిగాడు. పత్రంలో వేరు కాపురం అనే ఉంది గానీ వేరు కాపురం నాటకం అని లేదన్నాడు. కారణం చెబితే రాసుకుంటాను, లేకపోతే ఆరే అన్నాడు.

రాత్రంతా కూర్చుని పథకం వేసిన ఎర్సీలియా కారణం మాత్రం ఆలోచించుకోలేదు. సెత్తీమియో మీద ఏం చెబుతుంది? ఈ నలభై ఏళ్లలో ఒక్క మాట తూలనివాడు. పొద్దున ఆ చిక్కుళ్లు వొలిచిందీ అతనే. ఇప్పుడు కూడా గోడవార నిలబడి, తనను ఎంత బాగా తిడుతుందా అని ముచ్చటగా చూస్తున్నాడు.

ఆమె చూపు ఎదురింటి కిటికీ మీద పడింది. అక్కడ నున్సియా నిలబడి ఉంది, ముంజేతులు కనిపించకుండా రైక చేతులు మణికట్టు దాకా లాక్కుని. అంతే, మాటలు వాటంతట అవే వచ్చాయి.

"తాగొస్తాడు. సంకటి చల్లారిందని పళ్లెం గోడకేసి కొడతాడు. బావి దగ్గర ఎవరితో మాట్లాడావే అని బెల్టు తీస్తాడు. ఎవరైనా అడిగితే మెట్ల మీద జారిపడ్డానని చెప్పమంటాడు. చెప్పాను. పదకొండేళ్లు అదే చెప్పాను. ఊళ్లో అందరూ నమ్మినట్టు తలలూపారు. నేనేం రాయినా అయ్యా? ఇక పడను. ఈ గుమ్మం తొక్కనివ్వను. మీరు రాసుకున్నా సరే, రాసుకోకపోయినా సరే."

నటనగా మొదలుపెట్టిందే గానీ ఎర్సీలియాకు చివరి మాటలు నిజంగానే వచ్చాయి. తలలూపినవాళ్లలో తనూ ఒకతె. నోటరీ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఇంకేమీ అడక్కుండా కొంచెత్తా ఇంట్లోకి వెళ్లి కుండ చూశాడు, గడ్డి పరుపు చూశాడు. ఏడు అని రాసి, ముద్ర వేసి, సెత్తీమియో వంక అసహ్యంగా చూసి కొండ దిగిపోయాడు.

అడవి నిలిచింది. జనం ఎర్సీలియాను కావలించుకున్నారు. సెత్తీమియో మాత్రం బట్టలు ఏరుకుంటూ బిక్కమొహం వేశాడు.

"నేనెప్పుడు పళ్లెం విసిరానే?"

"నీలో తప్పులు వెతుకుతూ కూర్చుంటే పొద్దుగూకేది. ఎదురింటివి తెచ్చుకున్నాను," అంది ఎర్సీలియా. అన్నాక సిగ్గేసింది. ఒకరి ఏడుపును అడక్కుండా తీసుకొచ్చి నడివీధిలో పరిచింది. నున్సియాకు క్షమాపణ చెప్పుకోవాలని సందు దాటింది.

ఎదురింటి గుమ్మం ముందు పరుపు చుట్ట ఉంది, దాని మీద క్షవరం సామాను. నున్సియా మొగుడు, దొనాతో అనేవాడు, అప్పుడే సారా కొట్టు నుంచి భోజనానికొచ్చి తలుపు బాదుతున్నాడు. ఎర్సీలియాకు నవ్వొచ్చింది. లెక్క చాలదేమోనని ఈ పిచ్చిది కూడా ఒక పొయ్యి పెంచింది కాబోలు.

"నున్సియా, ఆయన ఏడు రాసుకుని వెళ్లిపోయాడే. ఎనిమిదోది అక్కర్లేదు. తలుపు తియ్యి," అంది.

లోపల ఇంకో గడియ పడింది.

"ఇది లెక్క కోసం కాదక్కా."