తెర వెనక చాప

“ఆడ ఒక్క మనిషి గూడా ఉండడురా. బొమ్మ తిరగబడి కనిపిస్తాదని ఎవురూ రారు. పోయి కూర్చో,” అంటూ బలరామయ్య మేనల్లుడి వీపు మీద చేయి వేసి డేరాలోకి తోశాడు.

దొరస్వామి పోయి కూర్చున్నాడు. గుడియాత్తంలో బయోస్కోపు డేరా వేసి రెండు రోజులైంది. ముందువైపు జనం, తెర వెనక ఒక్క చాప. తెరను నీళ్లతో తడిపితే బొమ్మ వెనక్కి కూడా దిగుతుంది. కాకపోతే కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది. దొరస్వామికి అదేం పెద్ద నష్టం కాదు.

మనుషులంటే అతనికి భయం. ఇంటికి ఎవరైనా వస్తే మగ్గం గుంటలోంచి పైకి రాడు. మూడు పెళ్లిచూపులకు పోయి మూడుచోట్లా పెరటి దారిన బయటపడ్డాడు. మూడోసారి కంగారులో పిల్ల తండ్రి చెప్పులు తొడుక్కుని వచ్చేశాడు. వచ్చే ఆదివారం వేలూరులో నాలుగోది. ఇదీ తప్పిపోతే ఇక ఏ గడపా తొక్కేది లేదని అమ్మ మునియమ్మ కచ్చితంగా చెప్పేసింది.

పెళ్లి ఇష్టం లేక కాదు. మగ్గం పక్కన రాట్నం ఖాళీగా పడి ఉంది. దాని ముందు ఎవరో కూర్చున్నట్టు, తానేదో చెప్పినట్టు, ఆ మనిషి నవ్వినట్టు అనుకుంటూ రోజుకు ఒక బార ఎక్కువే నేస్తాడు.

తెర మీద దొరల ఊరు కదిలింది. పొడుగాటి దొర ఒకడు రోజూ తోటలో బెంచీ చివర కూర్చుంటాడు. ఎవరైనా వస్తే లేచి పోతాడు. ఒకనాడు ఒక పిల్ల వచ్చి బెంచీకి అటు చివర కూర్చుంటుంది. దొర నోరు తెరుస్తాడు, మూస్తాడు, లేచి పోతాడు. టోపీ బెంచీ మీదే ఉండిపోతుంది. అంతే బొమ్మ. ముందువైపు డేరా మనిషి గోవిందన్ అరవంలో కథ చెబుతూ గొంతు చించుకుంటున్నాడు, జనం పగలబడి నవ్వుతున్నారు. దొరస్వామికి మాత్రం తన బతుకును ఎవరో తెల్లగుడ్డ మీద నేసి ఆరేసినట్టుంది.

మర్నాడు చాప మీద ఒక అవ్వ ఉంది. చేతిలో కర్ర, చూపు ఎటో.

“ఎవురు నాయనా? చుట్టాలింటికని ఈ ఊరొచ్చినా, నాకు కండ్లు కనపడవు. బొమ్మలో ఏం జరగతా ఉండాదో కొంచెం చెప్తావా?”

దొరస్వామి లేవబోయి ఆగాడు. తనను చూడలేని మనిషి ముందు సిగ్గేముంది?

“ఒకాయన బెంచీ మీద కూర్చోనుండాడవ్వా.”

“ఎట్ల కూర్చోనుండాడు?”

“చివర్న. చేతులు రెండూ తొడల కింద పెట్టుకోని.”

“ఎందుకట్ల?”

“వణుకుతా ఉండాయి గదా. ఎవురన్నా చూస్తారని.”

“నీకెట్ల తెలుసు నాయనా?”

దొరస్వామి తన చేతులు తొడల కింద నుంచి మెల్లగా బయటికి తీసుకున్నాడు.

అవ్వ రోజూ వచ్చింది. బలరామయ్య రోజూ మేనల్లుణ్ణి తెచ్చి దిగబెట్టి, తాను ముందువైపు పోయి కూర్చునేవాడు. తడి తెర నుంచి నీటి చుక్కలు జారేవి. వెలుగు వాటిలోంచి వచ్చి అవ్వ నెరిసిన జుట్టు మీద పడేది. దొరస్వామి చెబుతూనే ఉండేవాడు. దొర నడక, చెట్ల ఆకులు, ఆకుల నీడలు. ఇన్ని మాటలు తనలో ఎక్కడ దాక్కున్నాయో అతనికే తెలియలేదు. ఒక్కోసారి అతను చెప్పకముందే అవ్వ నవ్వేది. అటువైపు జనం నవ్వు విని కాబోలనుకున్నాడు.

శనివారం అవ్వ అంది: “రోజూ ఆయన సంగతే చెప్తావే. ఆ పిల్ల మొగం ఎట్లుండాది?”

ఇన్ని రోజులుగా అతను పిల్ల వైపు చూడనే లేదు. ఇప్పుడు చూశాడు.

“చేతిగుడ్డ మెలి పెడతా ఉండాదవ్వా.” తెర వైపు ఇంకొంచెం వంగాడు. “ఆయమ్మకూ భయమే.”

“మరి ఈయన లేచి పోతే ఆయమ్మ ఏమనుకుంటాది?”

అంతలోనే బొమ్మ వేసే మిషను ఆగిపోయింది.

ఆదివారం కాట్పాడిలో రైలు దిగి జట్కా ఎక్కారు. “ఈసారన్నా నీ చెప్పులే తొడుక్కోని పారిపోరా అప్పా,” అన్నాడు బలరామయ్య. మునియమ్మ నవ్వలేదు.

వేలూరులో సుబ్బరాయులు ఇంట్లో పెద్ద చాప పరిచారు. ఈ చివర దొరస్వామి, ఆ చివర సుబ్బరాయులు కూతురు పుష్పవతి. చుట్టూ ఎనిమిది జతల కళ్లు. ఊరు, పని, పేరు అడిగారు. నోరు తెరిచాడు, మూశాడు. పెరటి వాకిలి బార్లా తెరిచి ఉంది. కాళ్లు వాటంతటవే లేవబోయాయి. మునియమ్మ కళ్లు మూసుకుంది.

అప్పుడు పక్కగదిలోంచి ఒక గొంతు వినిపించింది.

“అబ్బాయి ఎట్ల కూర్చోనుండాడు? నాకెవురన్నా చెప్పండప్పా.”

“సుమ్మా ఇరు, అమ్మా,” అని సుబ్బరాయులు తల్లిని ఊరుకోమని అరవంలో కసిరాడు.

దొరస్వామి ఆ గొంతును గుర్తుపట్టాడు. మళ్లీ కూర్చున్నాడు. కళ్లు మూసుకుంటే గది చీకటి డేరా అయింది, నుదుటి మీద చల్లటి చుక్క పడినట్టయింది.

“చాప చివర్న కూర్చోనుండాడవ్వా. చేతులు తొడల కింద ఉండాయి. పారిపోదామని పెరటి దిక్కు చూసినాడు.”

పక్కగదిలోంచి గొంతు మళ్లీ వచ్చింది.

“మరి పిల్ల?”

దొరస్వామి కళ్లు తెరిచి పుష్పవతి వైపు నిండుగా చూశాడు.

“కొంగు మెలి పెడతా ఉండాదవ్వా. ఆయమ్మకూ భయమే. అందుకే ఈయన లేచి పోకుండా ఉండాడు.”

పుష్పవతి తలెత్తింది. చూసింది. నవ్వింది.

మునియమ్మ కళ్లు తుడుచుకుంది. బలరామయ్య తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతున్నాడు. భుజాలు మాత్రం దగ్గుకు ఊగినట్టు ఊగడంలేదు. ఆ కళ్లులేని తల్లికి దండం పెడదామని దొరస్వామి పక్కగది గడప దాకా వెళ్లాడు.

కిటికీ వెలుగులో కూర్చుని అవ్వ సూదిలో దారం ఎక్కిస్తోంది.