వడ్రంగిపిట్ట తట్టని తలుపులు

ఎండాకాలంలో కూడా అందరికీ నీళ్ళు దొరకాలని, వాగుకు అడ్డంగా పెద్ద దుంగ వేసి మడుగు చేద్దామనుకుంది ఏనుగు. "ముందు అడవిలో అందరినీ అడిగి రా" అని వడ్రంగిపిట్టను పంపింది.

వడ్రంగిపిట్ట పొద్దంతా చెట్టు చెట్టుకీ తిరిగింది. తొర్రల దగ్గర టకటకా కొట్టి అడిగింది. చిలుకలు, ఉడుతలు, గోరింకలు అన్నీ మడుగు కావాలన్నాయి.

"అడవంతా ఒకటే మాట మామా!" అంది తిరిగొచ్చి.

ఏనుగు దుంగ ఎత్తింది. అంతలో ముళ్ళపంది రొప్పుకుంటూ వచ్చింది. "ఆగు మామా! నీళ్ళు పైకొస్తే మా బొరియలు మునిగిపోతాయి. నా పిల్లలకింకా నడకైనా రాలేదు."

"మరి నేనడిగినప్పుడు చెప్పలేదేం?" అంది వడ్రంగిపిట్ట.

"నువ్వు చెట్లే తట్టావు తల్లీ. మేం నేలలో ఉంటాం."

వడ్రంగిపిట్టకు సిగ్గేసింది. కిందికి దిగి, ప్రతి బొరియలోనూ తల దూర్చి అడిగింది. మడుగుకు ఒక్కరూ ఒప్పుకోలేదు. ఏనుగు దుంగ పక్కన పెట్టి, మట్టి కొట్టుకుపోయిన పిట్ట ముక్కును తొండంతో మెల్లగా తుడిచింది.

"ఇక అందరినీ అడిగినట్టేనా?"

అవునని చెప్పబోయి ఆగిపోయింది వడ్రంగిపిట్ట. వాగు ఒడ్డుకు వెళ్ళి, నీళ్ళ మీదకు వంగి, "చేపమ్మా, ఒక్కమాట..." అని పిలిచింది.