తొట్టి అంచున కోడిపుంజు

ఒక్క మాట అడుగుతాను, సూటిగా చెప్పండి: అడుగున పడి ఉన్న బెల్లంగడ్డ ఎవరూ కలపకుండానే నీళ్లన్నిటినీ చిటికెలో తియ్యగా చేసేస్తుందా?

పెరట్లో మేకపిల్లకి తెల్లారినప్పటి నుంచి ఒకటే విరేచనాలు, నిలబడే ఓపిక కూడా లేదు. ఉప్పూ బెల్లం కలిపిన నీళ్లు తాగితేగానీ కోలుకోదు. తల్లి మేక రెండూ తెచ్చి తొట్టి నీళ్లలో వేసింది. పిల్ల మూతి పెట్టి చూసి, "చప్పగా ఉన్నాయమ్మా, నాకొద్దు" అని తల తిప్పేసుకుంది.

తొట్టి అంచునున్న కోడిపుంజు గొంతు సవరించుకుంది. "నే ముందే చెప్పానా, మేకక్కా? ఈ బెల్లం కరిగే రకం కాదు. రేపు సభ పెట్టి తేలుద్దాం."

"నీ సభ దాకా నా బిడ్డ ఆగొద్దూ!" అని తల్లి ఏడ్చింది.

అంతలో పక్కనున్న బాతు ముందుకొచ్చింది. గరిటెలాంటి ముక్కును తొట్టిలో ముంచి గిరగిరా తిప్పింది. నీళ్లు ఎగిరిపడి పుంజు తడిసి ముద్దయింది. ఉప్పు కరిగింది, బెల్లమూ కరిగింది.

పిల్ల మళ్లీ మూతి పెట్టి, ఈసారి గటగటా తాగింది. పొద్దెక్కేసరికి చెంగున గెంతి పుంజు తోక పట్టుకు లాగింది! పెరడంతా ఒకటే నవ్వులు.

కరగదు, మారదు అంటూ అంచున కూర్చున్న మిత్రులారా, ఉపన్యాసం ఇక చాలు. దిగండి, ఓ చెయ్యి వేసి కలపండి!