నాన్న గురించి నాలుగు నిమిషాలు

శుక్రవారం స్వాగత సభలో బుల్లి మాట్లాడాలి. నాలుగు నిమిషాలు. వాళ్ళ నాన్న గురించి.

కాలేజీ ఆఫీసావిడ ఆ మాట నవ్వుతూ చెప్పి వెళ్ళిపోయింది. బుల్లి కుర్చీలోంచి లేవలేకపోయింది.

దేశం కాని దేశంలో ఆమెకది పంతొమ్మిదో రోజు. బస్సు ఏ తలుపున ఎక్కాలో, ఏ తలుపున దిగాలో ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. క్లాసులో మాస్టారు జోకేస్తే అందరూ నవ్వేశాక నవ్వుతోంది. ఇంతలో ఈ పిడుగు.

ఆ సభకి దాత వస్తున్నాడు. బుల్లి ఫీజు మాఫీ అయింది ఆయన పుణ్యమే. అదీ మొదటి ఏడాదికే. రెండో ఏడాది ఇవ్వడమా మానడమా అన్నది సభ అయ్యాక ఆయనే తేలుస్తాడు. మానితే పెట్టె సర్దుకోవడమే.

పేదింటి పిల్లకి ఊరికే చదువు చెప్పించడానికి ఎవరికీ చేతులు రావు. మార్కులు చూపిస్తే చాలదు, కన్నీళ్ళు కూడా చూపించాలి. దరఖాస్తులో మార్కులకి అర పేజీ ఇచ్చి కష్టాలకి రెండు పేజీలు వదిలేది అందుకే. ఆ రెండు పేజీల నిండా బుల్లి వాళ్ళ నాన్నే. కాగితం మిల్లులో బాయిలర్ దగ్గర పని. డ్యూటీకి వెళ్ళబోతూ కూతురికి జడలు వేసిన చేతులు. బాయిలర్ పేలిన రోజు. అందుకే ఫ్యాక్టరీల్లో భద్రత గురించి చదవాలనుకుంటున్నానని చివరి వాక్యం.

కన్సల్టెన్సీ ఆయన దాన్ని దిద్ది, "ఇది చదివి ఏడవనివాడు మనిషే కాదమ్మా" అన్నాడు. నిజమే. దాత ఏడ్చాడట.

గదిలో తోడుండే అమ్మాయిది రెండో ఏడాది. లైబ్రరీలో పుస్తకాలు సర్దే పని చేస్తుంది కాబట్టి అందరికీ లైబ్రరీ అక్క.

"ఏదీ, నా ముందర ఒకసారి చెప్పు. నేనే దాతననుకో. ఇదిగో, కాలు మీద కాలేసుకున్నా" అంది అక్క.

బుల్లి నిలబడింది. రెండు వాక్యాలు బాగానే నడిచాయి. జడల దగ్గర ఆగిపోయింది.

"ఎన్నాళ్ళయిందే?" అక్క మెల్లిగా అడిగింది.

బుల్లి చేతిలో కాగితం వంక చూసింది. "మూడేళ్ళు."

అక్క కాలు దించేసింది. లేచి వచ్చి భుజం పట్టుకుంది. "చెప్పలేకపోతే మానెయ్. వాళ్ళకేం, కూర్చుని వింటారు. ఇక్కడ నీ ప్రాణం పోతోంది."

"తలుచుకుంటేనే గుండె ఆగిపోతోంది అక్కా."

మర్నాడు బుల్లి ఆఫీసుకి వెళ్ళింది.

"వేరే దాని గురించి మాట్లాడతానండి. నా చదువు గురించి."

"చదువు గురించి ఎవరైనా మాట్లాడతారు" అంది ఆఫీసావిడ. "మీ నాన్న గురించి నువ్వు తప్ప ఎవరు మాట్లాడతారు?"

"భయంగా ఉందండి."

"ఆ భయమే అందరికీ నచ్చుతుంది."

మెచ్చుకుంటున్నాననే అనుకుంది ఆవిడ.

గురువారం అమ్మ ఫోన్ చేసింది.

"ఏంటే గొంతు అలా ఉంది? జలుబు చేసిందా?"

"లేదమ్మా. రేపు స్టేజీ మీద మాట్లాడాలి."

"మాట్లాడు. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఎవర్నీ నోరెత్తనిచ్చావు కాదు, అక్కడికెళ్ళగానే నోరు పడిపోయిందా? ఇంతకీ దేని గురించి?"

బుల్లి కిటికీలోంచి ఎదుటి గోడని చూసింది.

"భద్రత గురించి" అంది.

"మంచిదే. మెల్లిగా చెప్పు. రైలు తరుముతున్నట్టు చెప్పకు."

శుక్రవారం హాలు నిండిపోయింది. ముందు వరసలో దాత. ఎనభై ఏళ్ళ ముసలాయన. కర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని, ఆ చేతుల మీద గడ్డం ఆన్చుకుని కూర్చున్నాడు.

బుల్లి మైకు ముందు నిలబడింది. కాగితం మడిచేసింది. చేతుల గురించి చెప్పింది. ఎంత తోమినా పోని నూనె మరకల గురించి చెప్పింది. జడ గట్టిగా లాగితే ఏడుస్తానని, వదులుగా వేసి బళ్ళో తిట్లు తినిపించిన సంగతి చెప్పింది. అది దరఖాస్తులో లేదు. ఎక్కడినుంచి వచ్చిందో వచ్చేసింది. బాయిలర్ దగ్గరికి వచ్చేసరికి మాట్లాడలేక, ఒకే ఒక్క ముక్కలో ముగించి తల దించుకుంది.

హాలంతా లేచి నిలబడింది.

ముసలాయన కర్ర పక్కన పడేసి, తూలుతూనే స్టేజీ ఎక్కాడు. ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మా నాన్న గనిలో పోయాడమ్మా. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఆయన మొహం మర్చిపోయాననుకున్నాను. ఇప్పుడు నువ్వు చూపించావు. నీ చదువు అయ్యేదాకా నాదే భారం."

బుల్లి ఏడ్చింది. చేతులు విడిపించుకోబోయింది. ఆయన వదల్లేదు.

ఆఫీసావిడ మైకు అందుకుంది. "ఈ అమ్మాయికి చెప్పకుండా ఒక పని చేశాం. దరఖాస్తులో ఉన్న ఇంటి నంబరుకి నిన్న రాత్రి ఫోన్ చేశాం. ఇప్పుడు వాళ్ళని వీడియోలో కలిపాం. మొదటినుంచీ అంతా చూస్తూనే ఉన్నారు."

"వద్దు" అంది బుల్లి. మైకు దూరంగా ఉంది. ఎవరికీ వినబడలేదు.

గోడంత తెర వెలిగింది, అందులో అమ్మ పక్కనే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఆ భాషలో ఒక్క ముక్క అర్థం కాకపోయినా, అందరికంటే గట్టిగా చప్పట్లు కొడుతున్నాడు నాన్న.