పక్కతెర వెనక గొంతు

ఎడ్వీనా ప్రెంటిస్ ఆడుతోందంటే చాలు, లండన్‌లో ఏ నాటకశాలైనా నిండిపోయేది. తొలి వేషం నుంచీ ఆవిడకి దుస్తులు తొడిగింది నేనే. ముసలితనంలో ఆవిడ నాటకంలో మాటలు మరిచిపోవడం మొదలైంది. పక్కతెర వెనక కూర్చుని నెల్ అనే అమ్మాయి మరిచిన మాట అందిస్తే తప్ప నాటకం సాగేది కాదు.

ఆ రాత్రి మాత్రం ఆవిడ ఎక్కడా తడబడలేదు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

నాటకం అయ్యాక వేషాల గదిలో నేను విగ్గు తీస్తుంటే ఆవిడ అంది, "ఇవాళ నెల్ ఎంత బాగా అందించిందే మేబెల్! దాని ఊపిరి కూడా వినబడింది."

"నెల్ రాలేదు మేడమ్. పొద్దున్నుంచీ జ్వరంతో పడుంది. మీరు బెంగపడతారని చెప్పలేదు. ఆ కుర్చీ ఖాళీగానే ఉంది."

ఆవిడ అద్దంలోంచి నా వైపు చూసింది.

"మరి ఆఖర్న నాటకంలో లేని మాట ఒకటి చెప్పిందే?"

"ఏమని?"

"జనం వెళ్లాక మళ్లీ వేదిక మీదికి రమ్మని."

వద్దని చెయ్యి పట్టుకున్నాను.

"వేదిక పిలిస్తే వెళ్లకుండా ఎప్పుడైనా ఉన్నానా?" అని విడిపించుకుని వెళ్లిపోయింది.

నేను దీపం వెతుక్కునేలోగా వేదిక మీది చీకట్లోంచి వినిపించింది. ఎవరో మెల్లగా ఒక్కో మాటా అందిస్తున్నారు. ఎప్పుడో పోగొట్టుకున్న తన పడుచునాటి గొంతుతో ఆవిడ వాటిని తిరిగి పలుకుతోంది.